సుబ్బయ్యని తిట్టినందుకు

ఏడేళ్ళ కిందట రావిశాస్త్రి గారి ‘అల్పజీవి’ మీద ఒక వ్యాసం రాశాను. శిల్పాన్ని మెచ్చుకుని, సుబ్బయ్యని మాత్రం ఉతికి ఆరేశాను. ప్రతిదానికీ జడుసుకునే ఆ మనిషిని నవలంతా భరించడం పాఠకుడికి ఓ పరీక్ష అనీ, కాస్త తెగింపు ఉంటే అతని కష్టాల్లో సగం ఉండేవే కావనీ తీర్పు చెప్పాను. చదివినవాళ్ళు బానే ఉందన్నారు. నాన్న తెనాలి నుంచి ఫోన్ చేసి, “బాగా రాశావు గానీ, సుబ్బయ్యని మరీ అంత తిట్టక్కర్లేదేమోరా” అన్నాడు. నాన్న నాతో పుస్తకాల గురించి మాట్లాడటమే అరుదు. పెద్దవాళ్ళ జాలిగుండె అనుకుని నవ్వేసి ఊరుకున్నా.

ఆ తర్వాత మూడేళ్ళకి, ఓ రాత్రి స్నేహితుణ్ణి శంషాబాద్ ఎయిర్‌పోర్టులో దింపి ఒక్కణ్ణే వెనక్కొస్తున్నాను. ఆరాంఘర్ దగ్గర పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కాను. మెహదీపట్నం దాకా పదకొండు కిలోమీటర్ల పైచిలుకు వంతెన. కింద రోడ్డు మీదైతే పిల్లర్ నంబర్లే అడ్రసులు, ఎక్కడ కావాలంటే అక్కడ ఆగొచ్చు. పైన అలా కాదు. ఎక్కి రెండు నిమిషాలైనా కాలేదు, గుండె ఒక్కసారిగా కొట్టుకోవడం మొదలుపెట్టింది. అరచేతులు చెమట, వేళ్ళ కొసలు తిమ్మిరి, గొంతు పట్టేసినట్టు. కళ్ళముందు రోడ్డు నాది కానట్టు, ఎవరో తీసిన వీడియో చూస్తున్నట్టు అనిపించింది. పోతున్నాను అనుకున్నా. అక్షరాలా అదే మాట. దిగే దారి కనపడేసరికి ఎటు వెళ్తుందో చూడకుండా దిగిపోయి, మూసేసిన ఓ టైర్ల షాపు ముందు కారాపి కూర్చున్నా. పావుగంటలో అంతా సర్దుకుంది. అంతసేపు చచ్చిపోయి బతికినవాడికి, ఏమీ జరగనట్టు పక్కనుంచి ఆటోలు వెళ్తుంటే వింతగా ఉంది.

మర్నాడు ఆస్పత్రికెళ్తే ఈసీజీ, ఎకో, ట్రెడ్‌మిల్ టెస్టు, రక్తపరీక్షలు అన్నీ చేశారు. అది మంచిపనే. ఛాతీలో నొప్పి, దడ అంటే ముందు గుండెనీ, థైరాయిడ్‌నీ చూడాల్సిందే. ఎవరూ ఇంట్లో కూర్చుని ఇది మనసు సంగతేలే అని తేల్చేసుకోకూడదు. చిక్కంతా రిపోర్టులొచ్చాక. అన్నీ నార్మల్. డాక్టరు ఫైలు మూసి, “ఏం లేదండీ, గ్యాస్” అని పాన్ 40 రాశాడు. పొద్దున్నే పరగడుపున ఒకటి.

మన దగ్గర ఈ జబ్బుకి ఎక్కువమంది పెట్టుకునే పేరు ఇదే. దడ, గుబులు, బెంగ, గాభరా, బితుకు: తెలుగులో భయానికి ఎన్ని ఛాయలు! కానీ వీటిల్లో ఒక్కటీ పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళం. “నాకు గాభరాగా ఉంది” అంటే సుబ్బయ్యలమైపోతాం. గ్యాస్ అయితే మగతనానికీ, ఉద్యోగానికీ, పెళ్ళి సంబంధానికీ దేనికీ ముప్పు లేదు.

ఇది మన దేశపు గొడవే కూడా కాదు. 1871లో జేకబ్ డా కోస్టా అనే అమెరికన్ డాక్టరు, అంతర్యుద్ధంలో పనిచేసిన సైనికుల గురించి ఒక పరిశోధన ప్రచురించాడు. దడ, ఛాతీనొప్పి, ఆయాసం. పరీక్షిస్తే గుండెలో లోపం కనపడదు. దానికి ఆయన ‘చిరాకు పడే గుండె’ అన్న అర్థంలో పేరు పెట్టాడు. యుద్ధం చూసొచ్చిన సైనికుడైనా భయం అనడు, గుండె అంటాడు. పానిక్ డిజార్డర్ అన్న పేరు విడిగా అమెరికన్ల రోగ నిర్ధారణ గ్రంథంలోకి ఎక్కింది 1980లో.

గ్యాస్ మాత్ర వేసుకుంటూనే ఆర్నెల్లు గడిపాను. ఎక్స్‌ప్రెస్‌వే మానేశా, కింద సిగ్నల్స్‌లో పడి వెళ్ళేవాణ్ణి. తర్వాత మిగతా ఫ్లైఓవర్లు కూడా. ఆ తర్వాత లిఫ్టు. మీటింగుల్లో తలుపు పక్క కుర్చీ. బ్యాగులో నీళ్ళ సీసా, ఆస్పిరిన్. చేతికి నాడి చూపించే వాచీ, దాన్ని గంటకి పాతికసార్లు చూడటం. రాత్రుళ్ళు నా భార్యని లేపి “ఒకసారి నాడి చూడు” అనడం. ఆమె చూసేది. బానే ఉందనేది. ఆ ‘బానే ఉంది’ నాకు ఇరవై నిమిషాలు పనిచేసేది.

చివరికి నన్ను పట్టుకుంది మా వీధిలో ఎంబీబీఎస్ డాక్టరుగారు. దగ్గుకని వెళ్తే, మాటల్లో సంగతి విని ఒక్కటే అడిగారు: “అది మళ్ళీ వస్తుందేమోనని ఏమేం మానేశారు?” లెక్క చెప్పడం మొదలుపెట్టాను. ఆరో ఏడో చెప్పేసరికి నా గొంతు నాకే వినబుద్ధి కాలేదు. ఆయన సైకియాట్రిస్టుకి చీటీ రాసిచ్చారు.

అప్పుడు తెలిసిందేమిటంటే, ఆ పావుగంట దాడి ఒక్కటే జబ్బు కాదట. అలాంటిది జీవితంలో ఒకసారి చాలామందికి వస్తుంది, పోతుంది. మళ్ళీ వస్తుందేమోనన్న భయం నెలకి మించి వదలకపోయినా, దానికోసం బతుకుని మార్చుకుంటూ పోయినా అది జబ్బు. 1986లో డేవిడ్ క్లార్క్ అనే బ్రిటిష్ సైకాలజిస్టు దీని తిరగలిని వివరించాడు. గుండె కాస్త వేగంగా కొట్టుకుంటుంది. కాఫీ వల్ల కావచ్చు, మెట్లెక్కడం వల్ల కావచ్చు. దాన్ని మనం చావుగా చదువుతాం. ఆ భయానికి గుండె ఇంకా కొట్టుకుంటుంది. ఊపిరి గబగబా తీస్తాం, ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది, వేళ్ళు తిమ్మిరెక్కుతాయి, తల తిరుగుతుంది. ఇంకేముంది, అనుకున్నదే అయిందంటాం. ఆఫీసులో ఆన్-కాల్ చేసేవాళ్ళకి ఇది కొత్తకాదు. సర్వరు బానే ఉంటుంది, అలర్టు పెట్టిన గీతే మరీ కింద ఉంటుంది. అర్ధరాత్రి లేచి సర్వర్ని రీస్టార్ట్ చేస్తాం, అలర్టు ఆగిపోతుంది, రీస్టార్ట్ చేయబట్టే బతికిందనుకుంటాం. నా నీళ్ళ సీసా, వాచీ, తలుపు పక్క కుర్చీ అన్నీ ఆ రీస్టార్టులే.

మందు ఎస్సిటాలోప్రామ్, చిన్న మోతాదుతో మొదలు. మొదటి వారం కంగారు కాస్త పెరగొచ్చనీ, గుణం కనపడ్డానికి కొన్ని వారాలు పడుతుందనీ, తగ్గిందనిపించగానే సొంతంగా ఆపెయ్యొద్దనీ డాక్టరు ముందే చెప్పాడు. చెప్పకపోయుంటే నాలుగో రోజుకే ఆపేసేవాణ్ణి. వెంటనే నిమ్మళింపజేసే క్లోనాజెపామ్ రెండువారాలకే ఇచ్చాడు, అలవాటు పడిపోతారని.

అసలు పని మాత్రం సైకాలజిస్టు గదిలో జరిగింది. ఆవిడ నన్ను ఓదారుస్తుందనుకున్నా. ఆవిడేమో చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి నిమిషంపాటు గిర్రున తిప్పింది. సన్నటి స్ట్రాతో ఊపిరి తీయమంది. మెట్లమీద పరిగెత్తించింది. అంటే దడనీ, తలతిరుగుడునీ కావాలని తెప్పించి, ఏమీ చేయకుండా కూర్చోమనడం. వాచీ చూడకూడదు, నీళ్ళు తాగకూడదు. భయం ఎక్కి, ఎక్కి, దానంతటదే దిగింది. పారిపోతే ఆ దిగడాన్ని చూడలేం కదా అంది ఆవిడ. తర్వాత ఎక్స్‌ప్రెస్‌వే. మొదట నా భార్య పక్కన కూర్చుంటే, తర్వాత ఆమె వెనక కారులో వస్తుంటే, తర్వాత ఒక్కణ్ణే, చివరికి వాచీ ఇంట్లో పెట్టి. నాలుగు నెలలు పట్టింది. మెహదీపట్నంలో దిగి రోడ్డుపక్కన ఇరానీ చాయ్ తాగాను. ఆ రోజు నా విజయం అదీ.

ఆవిడ ఒకరోజు మామూలుగానే, “మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా?” అని అడిగింది. లేదన్నాను. ఇంటికొస్తుంటే బెజవాడ గుర్తొచ్చింది.

తెనాలి నుంచి బండెక్కితే, బెజవాడ అవుటర్లో కృష్ణ బ్రిడ్జి మీద ఆగడం మామూలే. ఆగినప్పుడల్లా నాన్న లేచి తలుపు దగ్గరికెళ్ళి కడ్డీ పట్టుకుని నిలబడేవాడు. ఏరు చూడ్డానికి అనుకునేవాణ్ణి. సినిమాకెళ్తే చివరి సీటే. జేబులో ఎప్పుడూ జెలుసిల్. బ్యాంకులో ప్రమోషనిస్తామంటే వద్దన్నాడు. పిల్లల చదువులు పాడవుతాయని వేరే ఊరు వెళ్ళలేదని మా ఇంట్లో గొప్పగా చెప్పుకుంటాం. వరంగల్లో నా కాన్వొకేషన్‌కి రాలేదు. సెలవు దొరకలేదన్నాడు. అమ్మ, మావయ్య వచ్చారు. ఫొటోలో ఆ ఖాళీ గురించి పదిహేనేళ్ళు మనసులో పెట్టుకున్నాను. వరంగల్ వెళ్ళాలంటే ఆ బ్రిడ్జి దాటాలని నాకు తట్టనే లేదు. ఆ రాత్రి ‘అల్పజీవి’ మళ్ళీ తీశాను. పాతిక పేజీలు కూడా చదవలేకపోయా.

తెనాలి వెళ్ళినప్పుడు నా సంగతంతా నాన్నకి చెప్పాను. ఆయన ఏమీ అనలేదు. ఫోన్లో జీఏడీ-7 తీశాను. 2006లో వచ్చిన ఏడు ప్రశ్నల పట్టిక, గత రెండు వారాల్లో ఎన్నిరోజులు ఇలా ఉంది అని అడుగుతుంది. ఒక్కోదానికి సున్నా నుంచి మూడు, మొత్తం ఇరవై ఒకటి. పది గానీ, అంతకు మించి గానీ వస్తే డాక్టరుని కలవమంటారు. దాంతోనే జబ్బు తేలిపోదు గానీ, మాట మొదలుపెట్టడానికి పనికొస్తుంది. ఒక్కోటీ తెలుగులో చెప్తుంటే, “ఇవన్నీ అందరికీ ఉండేవే కదరా” అంటూనే అంకెలు చెప్పాడు. ఏడోది, ఏదో ఘోరం జరగబోతోందన్నట్టు భయంగా ఉండటం. నాన్న వీధి గుమ్మం వైపు చూస్తూ, “రెండు వారాలేంట్రా” అన్నాడు.

డాక్టరు దగ్గరికి వెళ్ళడానికి ఇంకో రెండు నెలలు పట్టింది. ముందు ఫోన్లో మాట్లాడతానన్నాడు. 14416కి, అంటే టెలీ మానస్‌కి కలిపిచ్చి నేను బయటికెళ్ళిపోయా. అందులో తెలుగులో మాట్లాడతారు, డబ్బులడగరు. తర్వాత గుంటూరులో సైకియాట్రిస్టు. వయసునీ, బీపీ మాత్రల్నీ చూసుకుని మందు మొదలుపెట్టారు.

1960ల మొదట్లో న్యూయార్క్‌లో డొనాల్డ్ క్లైన్ అనే సైకియాట్రిస్టు ఇలాంటి రోగులకి ఇమిప్రమిన్ అనే మందు ఇచ్చి చూశాడట. కొన్నివారాల తర్వాత అడిగితే రోగి తేడా ఏమీ లేదన్నాడు. వార్డులో నర్సులు మాత్రం, ఇదివరకులా చచ్చిపోతున్నానంటూ మా దగ్గరికి పరిగెత్తుకు రావట్లేదే అన్నారు. ఆ దారినే ఆయన పానిక్‌ని మిగతా ఆందోళన నుంచి విడదీసి చూపించాడు.

మొన్న ఫోన్ చేసి ఎలా ఉందని అడిగితే నాన్న, “ఏముందిరా, అలానే ఉంది, డబ్బు దండగ” అన్నాడు. తర్వాత అమ్మ ఫోన్ తీసుకుని వంటింట్లోకి వెళ్ళినట్టుంది, గొంతు తగ్గించి చెప్పింది.

“ఈ మధ్య రాత్రుళ్ళు నన్ను లేపట్లేదురా.”