సైబరాబాద్‌లో ‘ఆబాద్’ ఎవరు?

సైబరాబాద్ అన్న పేరులో సగమే కొత్తది. రెండో సగం, ‘ఆబాద్’, మనకి పాత చుట్టమే. ఫారసీలో జనం నిండిన చోటు అని అర్థం. 1806లో సికిందర్ జా పేరు మీద సికింద్రాబాద్ వెలిసినట్టే ఇదీ వెలిసింది. కాకపోతే అక్కడ ముందున్నది ఒక మనిషి పేరు, ఇక్కడున్నది ‘సైబర్’. తవ్వితే దాని కిందా మనిషే దొరుకుతాడు. 1948లో నార్బర్ట్ వీనర్ ‘సైబర్నెటిక్స్’ అనే మాటని, గ్రీకులో చుక్కాని పట్టేవాడు అనే పదం నుంచి తీశాడు.

హైటెక్ సిటీ సంగతి ఇంకా తమాషా. హైదరాబాద్ ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ అండ్ ఇంజినీరింగ్ కన్సల్టెన్సీ సిటీ అన్నదానికి పొడి అక్షరాలు కాబట్టి, ఇంగ్లీషులో చివర ‘హెచ్’ ఉండదు. తెలుగులో రాస్తే ఆ గుట్టు కనపడదు. 1998 నవంబర్ 22న వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ని ప్రారంభించారు. ఆ రోజుల్లోనే ‘హైటెక్’ మనకి విశేషణం అయిపోయింది. బస్సూ హైటెక్కే, ముఖ్యమంత్రీ హైటెక్కే.

పేరుని నిజంగా పాకించింది మాత్రం పోలీసు శాఖ. 2003లో సైబరాబాద్ కమిషనరేట్ పెట్టాక, ఐటీతో పెద్దగా పనిలేని ఎల్బీనగర్ కూడా అందులోకే వచ్చింది. 2016లో దాన్ని రెండు చేశారు. తూర్పు ముక్కకి పద్మనాయకుల పాత రాజధాని రాచకొండ పేరు పెట్టారు. అంటే అటువైపు కంప్యూటర్ వెనక్కి తగ్గి, కోట ముందుకొచ్చింది.

ఇటువైపు అలా జరగలేదు. గచ్చిబౌలిలో బావి ఉంది, కొండాపూర్‌లో కొండ ఉంది, కొత్తగూడలో గూడెం ఉంది, అన్నీ మాటల్లోనే. మా ఆఫీసు గేటు దగ్గర టీ అమ్మే పెద్దాయన ఇప్పటికీ “మాది మాదాపూర్” అంటాడు. ఆయన నోట హైటెక్ సిటీ అనేది పనిచేసే చోటు, ఊరు కాదు. పదేళ్లుగా ఇక్కడే ఉంటున్న నేనూ అంతే. మీదే ఊరు అని అడిగితే మా జిల్లా పేరే చెప్తాను. పండక్కి బస్సులన్నీ నిండి ఈ రోడ్లు ఖాళీ అయ్యాయంటే, మాలాంటివాళ్లు ఎంతమందో లెక్క తెలుస్తుంది.

ఆబాద్ అంటే కాపురం ఉండేవాళ్లు కావాలి కదా. మొన్న స్కూల్లో ‘మా ఊరు’ అని వ్యాసం రాయమంటే, మా అమ్మాయి మొదటి వాక్యం ఇలా రాసింది: “మా ఊరు హైటెక్ సిటీ.” దిద్దబోయి ఆగాను. తను పుట్టింది ఇక్కడే.