పెద్దమనిషి

హిందీలో ‘పంచ్’ అన్నది చాలా చిన్న మాట. దానికి తగిన తెలుగు మాట కోసం ఈ మధ్య నేను మూడు వారాలు వెదికాను. ప్రేమ్‌చంద్ 1916లో ‘సరస్వతి’ పత్రికలో ప్రకటించిన ‘పంచ్ పరమేశ్వర్’ కథను మరల తెనిగించే పని నా మీద పడింది. ‘మధ్యవర్తి’ అంటే తీర్పు చెప్పే అధికారం అందులో వినిపించదు. ‘న్యాయనిర్ణేత’ అంటే చెట్టు క్రింద కూర్చున్న రైతుకు నల్లకోటు తొడిగినట్లుంటుంది. మన పల్లెలలో వాడుకలో ఉన్న మాట ‘పెద్దమనిషి’. అర్థానికి అది చక్కగా అమరుతుంది. అయినా ఆ మాట వ్రాయబోయినప్పుడల్లా నా కలం ఆగిపోయింది. అందుకు కారణం భాషలో లేదు. ఖరగ్‌పూర్‌లో, మా రైల్వే క్వార్టర్ల వీధిలో ఉన్నది.

బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాలవారు పనికోసం ఆ ఊరు చేరుతూ వచ్చారు. 1955లో ఆగ్నేయ రైల్వే ఏర్పడినా మా వీధి ముసలివారి నోట అది చివరిదాకా బి.ఎన్.ఆరే. మాకు ఇంటిలో తెలుగు, ఆటస్థలంలో హిందీ, గోల్ బజారులో బెంగాలీ. తగవులు మాత్రం తెలుగులోనే తీరేవి. పోలీసు స్టేషను మెట్లెక్కడం నామోషీగా ఉండేది. ఆదివారం సాయంత్రం అయిదుగురు పెద్దలు వేపచెట్టు క్రింద మంచాలు వేసుకుని కూర్చుంటే, వారి మాటతో వ్యవహారం సరి. వర్క్‌షాపులో ఫిట్టరుగా ఉన్న మా నాన్నగారు ఆ అయిదుగురిలో ఒకరు.

1981లో, నాకు పదకొండేళ్లప్పుడు, శ్రీరామనవమి పందిరికని, నాటకానికని ఇంటింటా వసూలు చేసిన సొమ్ము పెట్టెలోనుంచి పోయింది. పద్దెనిమిది వందల పైచిలుకు రూపాయలు. అప్పటికి అది చిన్న మొత్తం కాదు. ఓవర్‌టైము చేసి చందా ఇచ్చినవారున్నారు. పెట్టె తాళంచెవి ఒక కుర్ర కలాసీ వద్ద ఉండేది. అతడు మా ప్రాంతం వాడు కాడు, వీధికి వచ్చి ఏడాది కాలేదు, ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. వీధి అంతా ఒక్క రాత్రిలో నిశ్చయించేసింది. అతనిచేత ఒప్పించి, ఫోర్‌మను వద్దకు తీసుకుపోయి, పనిలోనుంచి తీయించాలని అందరి పట్టు.

పెద్దలు రెండు ఆదివారాలు కూర్చున్నారు. మారు తాళంచెవి మరొకరి ఇంట మేకుకు వేలాడుతూ ఉండేదని, పెట్టె మూడు రోజులు గుడి వసారాలో ఉన్నదని తేలింది. చివరకు, ఇతడే తీశాడని చెప్పడానికి ఆధారం చాలదన్నారు. పోయిన సొమ్ములో కొంత తామే భరిస్తామని కూడా అన్నారు. ఈ రెండవ మాట వారికి కీడే చేసింది. తప్పు లేకపోతే డబ్బు ఎందుకిస్తారని అడిగారు జనం.

ఆ తరువాత మా వీధిలో ‘పెద్దమనిషి’ అనే మాటకు అర్థం మారిపోయింది. నాన్నగారు సైకిలు మీద వస్తూంటే అరుగుల మీదివారు “పెద్దమనిషి వస్తున్నాడురోయ్” అనేవారు. కుళాయి దగ్గర మా అమ్మ బిందె పెడితే మాటలు ఆగిపోయేవి. కలాసీ దగ్గర అయిదుగురూ వాటాలు తిన్నారన్నారు. తలుపు మీద ఎవరో బొగ్గుతో ఒక బూతుమాట వ్రాస్తే నాన్నగారు డ్యూటీకి పోయేముందు తడిగుడ్డతో తుడిచి, చేతులు కడుక్కుని, సైరను మ్రోగకముందే బయలుదేరారు. అక్క పెళ్లికి వస్తామన్నవారిలో సగంమంది రాలేదు. వండిన పులిహోర మిగిలిపోయింది. ఇన్నేళ్ల తరువాత కూడా ఆ గంగాళం నా కళ్లకు కడుతుంది.

ఇంతవరకు ఇతరుల మాట. నా మాట చెప్పాలి. ఆటలో నన్ను చేర్చుకోవడం మానేశారు. నాలుగో రోజున నేను తోటి పిల్లలతో, “మా నాన్న ఒప్పుకోలేదు. వాడే దొంగ అన్నాడు. మిగతా నలుగురూ వినలేదు” అని చెప్పాను. అది శుద్ధ అబద్ధం. వెంటనే బంతి నా చేతికి వచ్చింది. కాని అబద్ధం పిల్లల దగ్గర ఆగలేదు. రెండు రోజులలో మిగిలిన నలుగురి చెవినీ పడింది. వారిలో ఒకాయన మా ఇంటికి వచ్చి, గుమ్మంలోనే నిలబడి, “నువ్వు ఒక్కడివి బయటపడ్డావన్నమాట” అని వెళ్లిపోయాడు. నాన్నగారు నన్నేమీ కొట్టలేదు. రాత్రి భోజనాలైన తరువాత, “అయిదుగురిదీ ఒకటే మాటరా నాయనా. నాదీ అదే” అన్నారు. “వాడు తియ్యలేదని నీకు తెలుసా నాన్నా?” అని అడిగాను. “తెలియదు” అన్నారు. నాకది అప్పుడు పిరికి సమాధానంగా తోచింది.

అంతకు ముందు ఆయన తరచు చెప్పే కథ ఒకటుండేది. గుంతకల్లు గేటు కాపలాదారు హంపన్న కథ. రైలుపని చేసేవారికి అది తమ ఇంటి కథ. 1893 అక్టోబరులో తెల్ల సిపాయిల బారినుంచి ఇద్దరు ఆడవాళ్లను కాపాడబోయి హంపన్న ఒక సిపాయి తుపాకి గుండుకు బలి అయ్యాడు. మద్రాసు హైకోర్టులో విచారణ జరిగితే జూరీ ఆ సిపాయిని నిర్దోషి అన్నది. యూరోపియను నిందితుడు కోరితే జూరీలో కనీసం సగంమంది యూరోపియనులో అమెరికనులో ఉండాలన్నది ఆనాటి చట్టం. దేశీయులు మండిపడ్డారు. గుత్తి కేశవపిళ్లెగారు ఆ అన్యాయాన్ని లోకానికి చాటారు. కథ ఈ ఘట్టానికి వచ్చేసరికి నాన్నగారు ఆ జూరీవారిని నోటికి వచ్చినట్లు తిట్టేవారు. మేమూ తిట్టేవాళ్లం. 1981 తరువాత ఆ కథ ఆయన నోట నేను వినలేదు.

ఆ జూరీ మీద నా కోపం ఈనాటికీ చల్లారలేదు. చల్లారాలని కూడా నాకు లేదు. కాని నిర్దోషి అన్నవారి మీద కోపించడంలో మా వీధివారికీ నాకూ తేడా ఎక్కడున్నదని అడిగితే, ఒక్కమాటలో చెప్పలేను. మద్రాసులో చట్టమే నిందితుని జాతివారికి పీట వేసింది. మా నాన్నగారికి ఆ కలాసీ ఏమీ కాడు. ఆయన చుట్టాలూ స్నేహితులూ చందా ఇచ్చినవారి వైపే ఉన్నారు. అంతవరకు చెప్పగలను. 1959లో బొంబాయిలో నానావతి కేసులో ఎనిమిదిమంది జూరర్లు నిర్దోషి అంటే వీధులు సంతోషించాయి. ఒప్పుకోనివాడు జడ్జి, ఆయన కేసును హైకోర్టుకు పంపాడు. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడులో జూరీకి చోటే లేకపోయింది. వేపచెట్టు క్రింది పెద్దలను మాత్రం ఏ చట్టమూ రద్దు చేయలేదు. మా వీధిలో ఆ పని జనమే చేశారు. ఆ ఏడాది తరువాత అక్కడ మంచాలు వేయలేదు.

ప్రేమ్‌చంద్ కథలో అల్గూ చౌధరీ ప్రాణమిత్రుడైన జుమ్మన్ షేక్‌కు ప్రతికూలంగా తీర్పు చెబుతాడు. స్నేహం చెడుతుంది. తరువాత జుమ్మనే పంచ్ స్థానంలో కూర్చున్నప్పుడు పగ తీర్చుకోలేకపోతాడు, ఇద్దరూ కౌగిలించుకుంటారు. ఆ మహారచయితకు నమస్కరిస్తూనే ఒక మాట అంటాను. ఆ కథలో ఎవరిది అన్యాయమో పాఠకునికి ముందే తెలుసు, పంచ్‌కూ తెలుసు. మా నాన్నగారికి అది తెలియదు. తెలియకనే, తెలియదని చెప్పి, ఇంటికి వచ్చారు. పోయిన సొమ్ము ఎవరు తీశారో ఆయన పోయేనాటికీ తేలలేదు. ఆ కలాసీ ఆరు నెలలకే బదిలీ అడిగి వెళ్లిపోయాడు.

నా అబద్ధానికి క్షమాపణ చెప్పాలని ఎన్నోసార్లు అనుకున్నాను. ఆయన రిటైరై ఆముదాలవలస దగ్గరి మా ఊరు చేరిన తరువాత సెలవులలో వెళ్లినప్పుడల్లా అనుకున్నాను. ఎప్పుడూ రైలు వేళ అయ్యేది.

అనువాదంలో ‘పంచ్’ను ‘పంచ్’గానే ఉంచి పంపాను. తెలుగు మాట ఉండగా హిందీ మాట ఎందుకని సంపాదకులు మర్యాదగా అడిగారు. వారు చెప్పింది నిజమే. ప్రతి తెప్పించుకుని, మొదటి పుటలో కొట్టివేసి, పైన ‘పెద్దమనిషి’ అని వ్రాశాను. ఇంకా పదకొండు చోట్ల మార్చవలసి ఉన్నది.