20 మెషీన్లు, ఒకటే మెమరీ

ఈసారి నా ఉద్యోగం గురించి రాస్తున్నాను. దాన్ని నాన్నకు తెలుగులో చెప్పడానికి ఒక ఆదివారం మొత్తం పట్టింది. ఇన్నేళ్లూ "కంప్యూటర్ల పని" అనేసి తప్పించుకునేదాన్ని.

మా ఆఫీసులో ఒక పెద్ద సర్వర్ ఉంది. దాన్ని హోస్ట్ అంటాం. అందులో 256 జీబీ మెమరీ ఉంది. దాని మీద 20 వర్చువల్ మెషీన్లు నడుస్తాయి. ఒక్కోదానికి 16 జీబీ ఇస్తామన్నాం. లెక్క వేయండి, 320 అవుతుంది! ఇది మోసం కాదు, మామూలే. అన్నీ ఒకేసారి మొత్తం అడగవులే అనే ధైర్యం. (కేటాయింపు అనే మాట ఈ వారమే నేర్చుకున్నాను. మెమరీకి నేను "జ్ఞాపకశక్తి" అంటే నాన్న నవ్వారు. మెమరీ అనే అంటారట.)

"వాడని వాళ్ల దగ్గర తీసుకుంటే సరిపోతుంది కదా?" అన్నారు.

చిక్కంతా అక్కడే ఉంది. ఏ పేజీ అవసరమో, ఏది కాదో లోపలున్న మెషీన్‌కే తెలుసు. హోస్ట్‌కు సరిగ్గా తెలియదు. వీఎంవేర్ వాళ్ల పద్ధతి గురించి కార్ల్ వాల్డ్‌స్పర్గర్ 2002లో ఒక పేపర్ రాశారు. అందులో మంచి ఉపాయం ఉంది, బెలూన్. ప్రతి మెషీన్ లోపల ఒక చిన్న డ్రైవర్ ఉంటుంది. హోస్ట్‌కు మెమరీ తక్కువైతే ఆ డ్రైవర్‌ని ఉబ్బమంటుంది. డ్రైవర్ తన మెషీన్‌నే మెమరీ అడుగుతుంది. మెషీన్ తనకు అంతగా అక్కర్లేనిది చూసి ఇస్తుంది. అది హోస్ట్ తీసుకుంటుంది.

"చుట్టాలొస్తే పక్కింట్లో దుప్పట్లు అడిగినట్టా?"

అచ్చం అంతే. మనమే వెళ్లి వాళ్ల బీరువా తెరవం. ఏది ఇవ్వగలరో వాళ్లే చూసి ఇస్తారు. అప్పటికీ చాలకపోతే మాత్రం హోస్ట్ బీరువా తెరిచేస్తుంది. చేతికి దొరికిన పేజీలను లాటరీ తీసినట్టు తీసి డిస్క్ మీద పడేస్తుంది. ఇక ఆ మెషీన్‌ది నత్తనడకే.

అదే పేపర్‌లో ఇంకోటి ఉంది, ఖాళీగా ఉన్న మెమరీ మీద పన్ను. మామూలుగా 75 శాతం. అంటే వాడని ఒక పేజీకి, వాడే నాలుగు పేజీలంత ఖరీదు కడతారు. అందుకే ఎక్కువ ఖాళీగా పెట్టుకున్న మెషీన్ ముందు పోగొట్టుకుంటుంది. నాన్నకు ఇది బాగా నచ్చింది. నాకు అంత నచ్చలేదు.

మా జీతాల మెషీన్‌నే చూడండి. నెలంతా నిద్రపోతుంది. నెలాఖరున రెండు రోజులు దానికి ఊపిరాడదు. 15వ తేదీన చూస్తే సోమరిలా ఉంటుంది. పోయిన నెల టెస్టింగ్ వాళ్లు కొత్తగా రెండు మెషీన్లు కావాలన్నారు. "జీతాల దాంట్లోంచి తీసివ్వు, అది ఊరికే పడుంది" అన్నారు. నేను ఒప్పుకోలేదు. దానికి 12 జీబీ రిజర్వేషన్ పెట్టాను, అంటే హోస్ట్ ముట్టుకోకూడని వంతు. టెస్టింగ్ వాళ్లు ఇప్పుడు నాతో ముక్తసరిగా మాట్లాడుతున్నారు. (ముక్తసరిగా! ఈ మాట వాడే అవకాశం కోసం ఎప్పటినుంచో చూస్తున్నాను.)

నాన్న అంతా విని ఒకటే అడిగారు. "మిగతా వాళ్లకు నిజంగా 16 కావాలా? ఎవరినైనా అడిగావా?"

ఎవరూ ఎవరినీ అడగలేదు. 16 అన్నది నేను చేరకముందే ఎవరో పెట్టిన అంకె. సోమవారం మొదలుపెట్టాను. మొదటి టీమ్ వాళ్లు 6 చాలన్నారు. ఇంకా 18 మెషీన్ల వాళ్లను అడగాలి.