సాయంత్రం బండి

యూరప్ చూడ్డానికి వచ్చే తెలుగువాళ్లలో చాలామంది చేతిలో ఒక పట్టిక ఉంటుంది. తొమ్మిది రోజులు, ఆరు ఊళ్లు, మధ్యలో ఆల్ప్స్ మంచు మీద ఒక ఫోటో, రాత్రిళ్లు పప్పన్నం గ్యారంటీ. వెక్కిరించడానికి చెప్పట్లేదు. జీవితంలో ఒక్కసారి వచ్చేవాళ్లకి అన్నీ చూసేయాలనిపించడం న్యాయమే. కాకపోతే అలాంటి ప్రయాణంలో పొద్దున్నే పెట్టె సర్దాలి, రాత్రయ్యేసరికి కొత్త బాత్రూంలో ఏది ఎటు తిప్పితే వేణ్ణీళ్లు వస్తాయో వెతుక్కోవాలి. అరవై మూడేళ్ల మా అమ్మకి అది పడదు. తొంభై రోజుల వీసా మీద మ్యూనిక్‌లో నా దగ్గరికి వచ్చినప్పుడు ముందే చెప్పేసింది. "రోజుకో ఊళ్లో పడుకోబెట్టకురా. ఎక్కడికి తిప్పినా సాయంత్రానికి ఇంటికి చేరాలి నాకు."

ఇల్లంటే ఏ ఇల్లని నేను అడగలేదు. బొలోన్యాలో వారం రోజులకి ఒక ఫ్లాట్ అద్దెకి తీసుకున్నాను. రెండు గదులు, వంటగది, స్టేషన్‌కి నడిచి వెళ్లేంత దూరం.

బొలోన్యానే ఎందుకంటే, ఇటలీ పటంలో రైలు గీతలు మాత్రం ఉంచి మిగతావన్నీ చెరిపేస్తే ఆ ఊరు ముడిపడ్డ చోటులా కనిపిస్తుంది. మిలాన్, వెరోనా, వెనిస్, ఫ్లారెన్స్, అటు ఆడ్రియాటిక్ తీరం, అన్ని లైన్లూ అక్కడికొచ్చి కలుస్తాయి. మనకి బెజవాడ ఎలాగో వాళ్లకి బొలోన్యా అలాగ. హైస్పీడ్ బళ్లు భూమి కింద ప్లాట్‌ఫాంల మీంచి పోతాయి. వాటికి సీటు రిజర్వేషన్ ఉండాలి, ధర రోజురోజుకీ మారుతుంది. మాకు కావాల్సినవి రీజనల్ బళ్లు, మన పాసింజర్లకి చుట్టాలు. దూరాన్ని బట్టి ఒకటే ధర, సీటు నంబరు ఉండదు. పొద్దున లేచి ఆకాశం చూసి ఏ ఊరు వెళ్లాలో అప్పుడు అనుకోవచ్చు. మోదెనాకి అరగంట, ఫెరారాకి అరగంట నుంచి ముప్పావు గంట, పార్మాకి దాదాపు గంట, రవెన్నాకి గంటంపావు. కాగితం టికెట్ అయితే ఎక్కేముందు మిషన్లో పెట్టి ముద్ర వేయించుకోవాలి. లేకపోతే చేతిలో టికెట్టున్నా జరిమానా పడొచ్చు. అమ్మకి ఆ ముద్ర పని తెగ నచ్చింది. రెండోరోజు నుంచీ ఆ డ్యూటీ ఆవిడదే.

భాష రాకపోయినా మూడు మాటలు తెలిస్తే చాలు. బినారియో అంటే ప్లాట్‌ఫాం, రితార్దో అంటే ఆలస్యం, షోపెరో అంటే సమ్మె. మూడోది ఇటలీలో తరచుగానే వినపడుతుంది. అయితే పనిదినాల్లో సమ్మె ఉన్నా పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకా, సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా కొన్ని రీజనల్ బళ్లు నడిచి తీరాలి. పనికెళ్లేవాడు వెళ్లాలి, వెళ్లినవాడు ఇంటికి రావాలి. ఇది చెప్తే అమ్మ, "మీ నాన్నకి ఇలాంటి రూలు ఉంటే బావుండేది" అంది.

నాన్న ఇరవై రెండేళ్లు తెనాలి నుంచి గుంటూరు ఉద్యోగానికి సీజన్ టికెట్ మీద వెళ్లొచ్చారు. మా ఇంట్లో పొద్దుటి క్యారేజీ, సాయంత్రం కాఫీ, అన్నీ బండి టైముని బట్టే. ఆయన పోయి రెండేళ్లయింది. ఫెరారా వెళ్లే బండిలో కిటికీ పక్కన కూర్చుని అమ్మ అన్న మాట నేను మర్చిపోలేను. "అన్నేళ్లు స్టేషన్ పక్కనే ఉన్నాను గానీ, నేను పొద్దున ఎక్కి సాయంత్రం దిగింది ఒక్కసారీ లేదురా. ఎప్పుడెక్కినా పెళ్లికో, పురుడుకో, చావుకో, మూటాముల్లెతోనే."

ఆ ఫెరారా లైను మీద ఒక మంచి నవలిక ఉంది. జోర్జో బస్సానీ 1916లో బొలోన్యాలో పుట్టినా పెరిగింది ఫెరారాలో, చదువు బొలోన్యా యూనివర్సిటీలో. రోజూ రైల్లో వెళ్లొచ్చేవాడు. 1958లో వచ్చిన ఆయన 'బంగారు ఫ్రేము కళ్లజోడు'లో ఆ రైలే సగం కథ నడుపుతుంది. ఊళ్లో పెద్దమనిషిగా పేరున్న డాక్టర్ ఫడిగాటి, తన రెండో తరగతి వదిలి, స్టూడెంట్లతో కబుర్ల కోసం మూడో తరగతి పెట్టెలోకి వచ్చి కూర్చోవడం మొదలుపెడతాడు. ఆయన మగవాళ్లని ఇష్టపడతాడని తెలిశాక, అంతకుముందు చూపించిన మర్యాదంతా ఎగతాళిగా మారిపోతుంది. కథ చెప్పే కుర్రాడు యూదుడు. జాతి చట్టాలు రాబోతున్నాయి, తన వంతూ వస్తుందని అతనికి అర్థమవుతూ ఉంటుంది. ఇంగ్లీషులో చదివినప్పుడు నాకు అది వెలివేత గురించిన కథ. ఆ లైను మీద వెళ్తూ తల్చుకుంటే, రోజూ ఒకే బండెక్కేవాళ్ల మధ్య పుట్టే చనువు ఎంత పల్చనిదో చెప్పే కథ కూడా అనిపించింది. నాన్నకీ అలాంటి రైలు స్నేహితులు ఉండేవాళ్లు. పేకాట, చందాలు, పెళ్లి కార్డులు. రిటైరయ్యాక ఇద్దరే మిగిలారు.

బొలోన్యా స్టేషన్లో ఒక గడియారం ఎప్పుడూ పదీ ఇరవై ఐదే చూపిస్తుంది. 1980 ఆగస్టు 2న, జనమంతా సెలవులకి బయల్దేరే శనివారం పొద్దున, సరిగ్గా ఆ టైముకి రెండో తరగతి వెయిటింగ్ హాల్లో బాంబు పేలింది. 85 మంది చనిపోయారు. నియో ఫాసిస్టు ముఠా సభ్యులకి శిక్షలు పడ్డాయి. అంబులెన్సులు చాలక 37వ నంబరు సిటీ బస్సులో కిటికీలకి దుప్పట్లు కట్టి శవాలని తీసుకెళ్లారు. గోడలో ఒక చీలికని అలాగే ఉంచారు, పక్కన పేర్ల పలక. పేర్లతోపాటు వయసులూ ఉన్నాయి. అమ్మ పేర్లు చదవలేదు గానీ అంకెలు చదివింది. మూడు దగ్గర వేలు ఆపింది. తర్వాత రోజూ మేం బండెక్కే ముందు ఆ హాలు వైపు ఒకసారి చూసేది.

రవెన్నాకి అందరూ మొజాయిక్‌ల కోసం వెళ్తారు, వెళ్లాలి కూడా. గల్లా ప్లాసిడియా సమాధి మందిరం బయట మామూలు ఇటుక గూడు. లోపల ముదురు నీలం కప్పు మీద బంగారు చుక్కలు, పల్చటి రాతి పలకల్లోంచి వచ్చే తేనెరంగు వెలుతురు. అమ్మ చాలాసేపు మెడ ఎత్తే ఉంది. అక్కడి నుంచి డాంటే సమాధికి నడిచాం.

ఆయన కథ ఆవిడకి ఇలా చెప్పాను. ఫ్లారెన్స్ వాడు. 1302లో రాజకీయాల్లో ఓడిన పక్షంలో ఉన్నందుకు వెళ్లగొట్టారు. 1321లో ఇక్కడే పోయాడు. తర్వాత ఫ్లారెన్స్ వాళ్లకి ఆయన ఎముకలు కావాల్సి వచ్చాయి. 1519లో పోప్ అనుమతి తెచ్చుకుని వచ్చి తెరిస్తే పెట్టె ఖాళీ. ఇక్కడి సన్యాసులు ముందే దాచేశారు. 1865లో గానీ అవి మళ్లీ బయటపడలేదు. ఫ్లారెన్స్‌లో కట్టిన పెద్ద సమాధి ఇప్పటికీ ఖాళీయే. ఏటా సెప్టెంబర్‌లో ఇక్కడి దీపానికి నూనె మాత్రం వాళ్లే పంపుతారు.

"బతికుండగా రమ్మనలేదా?" అంది.

1315లో పిలిచారు, కొన్ని షరతులు పెట్టారు, ఆయన ఒప్పుకోలేదు అన్నాను.

"షరతుల మీద పిలిస్తే ఎవరెళ్తార్రా?"

నేనేమీ మాట్లాడలేదు. అప్పటికి ఆరు నెలలుగా అక్కా నేనూ ఫోన్లలో అనుకుంటున్నది ఆవిడకి తెలుసు. తెనాలి ఇల్లు అద్దెకిచ్చేయడమో అమ్మేయడమో, అమ్మ హైదరాబాద్‌లో అక్క దగ్గర ఉండటం, ఏడాదికి మూడు నెలలు నా దగ్గర. ఒక్కతే ఉండటం మంచిది కాదు, మోకాళ్ల నొప్పులు, అర్ధరాత్రి ఏమైనా అయితే ఎవరున్నారు. అన్నీ నిజమైన కారణాలే. ఇప్పటికీ నిజమే.

రాత్రిళ్లు ఫ్లాట్‌లో అన్నం, టమాటా పప్పు. చెత్తని కాగితం, ప్లాస్టిక్, తడిది అని వేరుచేసి ఏ రోజుది ఆ రోజు దించడం. మెట్ల మీద ఎదురైన పక్కింటావిడకి "బొనసేరా" చెప్పడం. నాలుగోరోజుకి అమ్మ తాళంచెవి తన పర్సులో వేసుకుంది. ఇలాంటి ఫ్లాట్ల వల్లే ఆ యూనివర్సిటీ ఊళ్లో స్టూడెంట్లకి గదులు దొరకడం కష్టమవుతోందని నాకు తెలుసు. వారం పాటు సొంత ఇల్లనిపించిన సుఖానికి ఇంకెవరో కొంత చెల్లిస్తున్నారు. దానికి నా దగ్గర పరిష్కారం లేదు. మళ్లీ వెళ్తే ఫ్లాటే తీసుకుంటాను.

వీసా గడువు అవ్వగానే అమ్మ తెనాలి వెళ్లిపోయింది. ఇల్లు అలాగే ఉంది. పక్క వాటాలో ఒక టీచరమ్మ కుటుంబాన్ని అద్దెకి పెట్టుకుంది. అది ఆవిడ చేసుకున్న ఏర్పాటు. మమ్మల్ని అడగలేదు, చెప్పింది. మొన్న ఆదివారం ఫోన్ చేస్తే వెనక జనం గోల, మైకులో ఏదో బండి నంబరు.

"బాపట్లలో ఉన్నా. భావనారాయణస్వామి గుడికొచ్చా. ఐదున్నరకి బండుంది, మళ్లీ చేస్తాలే" అని పెట్టేసింది.