రాత కాదు, గడ్డ!

రెండేళ్ళ క్రితం మల్దకల్ తిమ్మప్ప జాతరకు మా ఊరు వెళ్ళాను. సీడుపత్తి చేలలో క్రాసింగు పనికి పోయే ఒకావిడ నన్ను చాటుకు పిలిచింది.

"డాక్టరమ్మా, మా అమ్మ రొమ్ముల గడ్డ లేసి పాయె. మా చిన్నమ్మ గూడ గంతే. నా రాత గూడ గదేనా?"

ఆ తర్వాత అసలు సంగతి బయటపెట్టింది. నాలుగు నెలలుగా తన రొమ్ములోనూ గడ్డ ఉంది. నొప్పి లేదు కదా అని ఊరుకుంది. కాన్సరు గడ్డ మొదట్లో సాధారణంగా నొప్పి పెట్టదు. మోసమంతా అక్కడే!

ఆమె ప్రశ్న మీలో ఎందరికో ఉంటుంది. రొమ్ము కాన్సరు వచ్చిన నూరుమందిలో అయిదు నుంచి పదిమందికే అది వంశపారంపర్యం. 1994, 95లలో కనుగొన్న బి.ఆర్.సి.ఏ.1, బి.ఆర్.సి.ఏ.2 అనే జన్యువులు మన కణాలలో మరమ్మతు పనివాళ్ళవంటివి. అవి చెడితే కణాలు అదుపు తప్పవచ్చు. చెడిన జన్యువు తల్లి నుంచే రానక్కరలేదు, తండ్రి నుంచీ వస్తుంది. కనుక మేనత్తల సంగతి కూడా విచారించండి.

అయితే కాన్సరు పుట్టడం వేరు, పాకడం వేరు. ఎక్కువగా ప్రాణం తీసేది పాకడమే. 1889లో స్టీఫెన్ పాజెట్ అనే ఇంగ్లీషు వైద్యుడు కాన్సరు కణాన్ని విత్తనంతోనూ, అది చేరే అవయవాన్ని నేలతోనూ పోల్చాడు. విత్తనాలు పండించే మా నడిగడ్డ వాళ్ళకు ఇది వేరే చెప్పాలా? గడ్డలో హెర్-2 అనే జన్యువు అతిగా పెరిగితే ఆ విత్తనానికి ఉరవడి ఎక్కువ. దాన్ని అడ్డుకునే ట్రాస్టుజుమాబ్ మందు 1998లో వాడకంలోకి వచ్చింది. మరి నేల మాట? కొలెస్టరాల్‌తో సంబంధమున్న పి.సి.ఎస్.కె.9 అనే జన్యువులో పుట్టుకతో ఉండే ఒక తేడా వల్ల వ్యాధి పాకే అవకాశం పెరుగుతుందని 2024లో న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయం వారు చూపారు. అంటే మన ఒంటి గుణమూ లెక్కలోకి వస్తుందన్నమాట.

జన్యువులు మన చేతిలో లేవు. నాలుగు నెలల ఆలస్యం మాత్రం మన చేతిలోదే. 30 యేళ్ళు దాటిన స్త్రీలకు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో రొమ్ము పరీక్ష చేస్తారు. సిగ్గుపడకండి.

ఆమెను హైదరాబాదు పంపించాం. ఆపరేషను జరిగింది. అదృష్టవశాత్తూ చంకలోని గ్రంథులకు పాకలేదు. మొన్న జాతరలో కూతురిని వెంటబెట్టుకుని వచ్చింది.

"దీనికి గూడ రక్తం చూపియ్యాల్నా?"

"ముందు నీ రక్తం చూపించు. నీ జన్యువులో తేడా ఉంటేనే పిల్లకు పరీక్ష" అన్నాను.

ఈసారి ఆమె చాటుకు పిలవలేదు. నలుగురిలోనే అడిగింది. మీరూ అలాగే అడగండి.