అవ్వకి దాహం వేయలేదు

వేసవి సెలవులకి చింతూరు దగ్గర మా ఊరెళ్లా. తాటాకు తీసేసి రేకులు వేద్దామని పోయినేడు పట్టుబట్టింది నేనే. మధ్యాహ్నం ఆ ఇంట్లో నేనే ఉండలేకపోయా. అవ్వ మంచం మీదే సోలిపోయి ఉంది. నీళ్లిస్తే "దాహం లేదురా" అంది.

వయసు పైబడితే దాహం సరిగా తెలీదు, చెమటా తక్కువే పడుతుంది. గాలిలో తేమ ఉంటే ఆ కాస్త చెమటా ఆరదు, ఒళ్లు చల్లబడదు. క్లాసులో చదివిందే, అవ్వని చూశాకే అర్థమైంది. ఫ్యాను వేడిగాలే తిప్పుతోంది.

తడిగుడ్డతో అవ్వ ఒళ్లు తుడిచా. గంటగంటకీ కాసిని నీళ్లు, జావ తాగించా. మర్నాడు బాబాయి, నేను రేకుల మీద మందంగా తాటాకు కప్పాం.

"ఇప్పుడు మనిల్లులా ఉంది" అంది అవ్వ.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, పెద్దోళ్లు దాహం లేదన్నా నమ్మకండి. గ్లాసు చేతికివ్వండి.