మేకతోలు ఇంటిపేరు

మా ఇంటిపేరు మేకల. తంజావూరు సీమలో నేను బడిలో చేరిన రోజు నాయన ఫారంలో అది కూడా రాయించినాడు. తమిళంలో రాస్తే దాన్ని మేగల అని చదువుతారు, అది ఇక్కడ ఆడపేరు. "మీ అమ్మ పేరా?" అని అయ్యవారు అడిగితే క్లాసంతా నవ్వింది. మరుసటేడు నుంచి నా పేరు ముందు నాయన పేరులోని మొదటి అక్షరం ఒక్కటే మిగిలింది. ఇంటిపేరు పెళ్లిమాటలప్పుడు మాత్రమే బయటికి వచ్చేది.

నిరుడు మావాడితో తరంగంబాడి పోయినాను. తంజావూరు ఏలిన మన రఘునాథ నాయకుడు 1620లో డేన్లకు ఇచ్చిన రేవు అది. అక్కడి చర్చిలో ఒక జర్మన్ పాదిరి సమాధి ఉంది. పేరు త్సీగెన్‌బల్గ్. 1682లో సాక్సనీలోని పుల్స్‌నిట్స్‌లో పుట్టి, 1706లో ఇక్కడ దిగి, తమిళం నేర్చి, కొత్త నిబంధనను తమిళంలో అచ్చువేయించి, 1719లో ఇక్కడే పోయినాడు.

"ఈ పేరుకు అర్థమేంది నాయనా?" అన్నాడు మావాడు.

ఇంటికొచ్చి వెతికినాము. త్సీగె అంటే మేక, బల్గ్ అంటే ఒలిచిన తోలు. మేకతోలు! జర్మన్ల ఇంటిపేర్లలో చాలావాటికి చేసే పనే మూలం. ష్మిట్ అంటే కమ్మరి, ముల్లర్ అంటే పిండిమర నడిపేవాడు. ఆ లెక్కన వీళ్ల మూలపురుషుడు మేకతోళ్లు పదును పెట్టేవాడో, అమ్మేవాడో అయ్యుండొచ్చు. కొలిమి ఊదే తిత్తిని కూడా బల్గ్ అనే అంటారు. మనకూ అంతే కదా, తోలుసంచీ తిత్తే, కొలిమిలోదీ తిత్తే. కాబట్టి తిత్తులు కుట్టేవాడైనా కావచ్చు. అల్లరి పిల్లల్ని తిట్టేదీ బల్గ్ అనే. అది చదివి మావాడు పడీపడీ నవ్వినాడు.

తమిళులు ఆ పేరును సీగన్‌బాల్గు అని తిప్పుకున్నారు. ఆ పిలుపులో మేకా లేదు, తోలూ లేదు. అయినా మూడువందల ఏండ్లుగా పేరు నిలిచే ఉంది. మేమేమో ఒక్క క్లాసు నవ్వుకే మేకల్ని వదిలేసినాము.

ఈ మధ్య మనవరాలు పుట్టింది. బర్త్ సర్టిఫికెట్‌కు పేరు ఎట్లా రాయాలని మావాడు అడిగినాడు.

"ముందు మేకల అని రాయి."

"బడిలో నవ్వితే?"

"అర్థం చెప్పమను."